మునకకొక పత్రము

మా గద్వాలకు సముద్రము లేదు. ఒకవైపు కృష్ణ, మరియొకవైపు తుంగభద్ర ప్రవహించుచుండగా నడిగడ్డలో కాపురముండు మాకు నదీజలములకు కొదవ లేదు గాని, సముద్రమును చూడవలెనన్న బందరుకో విశాఖపట్టణమునకో ప్రయాణము కట్టవలసినదే. ఐనను మా ప్రాంతపు పెద్దలకు సముద్రములపై మక్కువ మెండు. వనపర్తి సంస్థానపు పెద్ద చెరువులను జనులు సప్తసముద్రములని పిలుతురు. శ్రీరంగాపురమున రంగనాయకస్వామి కోవెలను ఆనుకొని యున్నది రంగసముద్రము. మా పుట్టినిల్లగు నాగరుకర్నూలులో నున్నది కేసరిసముద్రము. చెరువునకు సముద్రమను బిరుదు నొసగునప్పుడు మావారు దానినొక పరీక్షయైనను అడుగలేదు.

బిరుదులనిన మా గడ్డకు వెగటు లేదు. గద్వాలకు విద్వద్గద్వాల యని పేరు. సంస్థానము వెలుగొందిన దినములలో పండితులును కవులును దూరదేశములనుండి వచ్చి, తమ విద్యను ప్రదర్శించి, సమ్మానములు గైకొని పోవుచుండిరి. తిరుపతి వేంకటకవులును ఈ సంస్థానములకు వచ్చినవారే. ఇట్టి యూరిలో కాపురము చేయుచున్న మాకును, గడచిన దసరా సెలవులలో మా చెల్లెలి కూతురు తెచ్చిన పత్రముల దొంతరను చూచినప్పుడు తల తిరిగినది.

ఆ పిల్ల హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగము చేయుచున్నది. కొన్నియేండ్ల క్రిందట స్నేహితురాండ్రతో అండమాను దీవులకు విహారమునకు పోయి, అచట సముద్రములో మునిగి, పైకి తేలునప్పటికి వేరొక మనిషియై తేలినది. అది మొదలు సెలవు దొరికినచో నీటిలోనే. వచ్చిన దినము సాయంకాలము మా పడసాలలోని మంచముపై పేకముక్కలవలె పదునొకండు కార్డులు పరచి, మమ్ము చూడుమనెను. ప్రక్కన వత్తులు చేసికొనుచున్న మా యత్తగారు కంటద్దములు సవరించుకొనిరి.

"గివేందే పిల్లా, రేషను కార్డులా?"

"కాదవ్వా. నీళ్ళల్ల మునిగినందుకు ఇచ్చిన సర్టిఫికెట్లు."

"మునిగినందుకా, తేలినందుకా?"

ఆ ప్రశ్నకు కార్డులలో జవాబు లేదు. మేము నవ్వాపుకొని, వీనిని ఇచ్చినదెవరని యడిగితిమి. ప్రపంచములో నిట్టి సంఘములు పెక్కులు కలవనియు, తనకిచ్చినది 'పాడి' యను సంఘమనియు ఆ పిల్ల చెప్పెను. 1966వ సంవత్సరమున అమెరికాలో జాన్ క్రోనిన్, రాల్ఫ్ ఎరిక్సన్ అను నిద్దరు మిత్రులు దానిని స్థాపించిరట. మా యత్తగారి చెవిని స్థాపకుల పేర్లు పడలేదు, పాడి యను మాట మాత్రమే పడినది.

"పూటకెన్ని శేర్లు ఇస్తదే?" అని యడిగిరి.

పిల్ల కడుపుబ్బ నవ్వి, "పాలిచ్చేది మేమవ్వా, పిండుకొనేది వాళ్ళు" అనెను. ఆ సంఘపు పేరులోని నాలుగు ఆంగ్లాక్షరములను విడదీసి, 'ఇంకొక డాలరు లోపల వేయుము' అని మునుగువారు తమలో తామే పరిహాసమాడుకొందురట. తమ్ము చూచి తాము నవ్వుకొనగలవారు చెడ్డవారు కారని మాకప్పుడే తోచినది.

సోదరీమణులలో ఈ విద్య నెరుగనివారికొరకు నాలుగు మాటలు చెప్పెదము. స్కూబా యనగా తన గాలిని తానే వీపున మోసికొనిపోయి నీటి యడుగున ఊపిరి తీయు సాధనము. సీసాలో నుండునది కేవల ప్రాణవాయువని పలువురనుకొందురు గాని, సాధారణముగా నది మనము పీల్చు గాలియే. అదిమి అదిమి నింపినది. 1943లో ఫ్రాన్సు దేశమున జాక్ కుస్తో, ఎమిల్ గాన్యా యనువారు, లోతును బట్టి తగిన యొత్తిడితో గాలినందించు మరను సిద్ధపరచినప్పటినుండి ఈ విద్య లోకమున వ్యాపించినది. నీటిలో ప్రతి 10 మీటర్లకును మన నేలపై నుండు గాలియొత్తిడి యంతటి యొత్తిడి అదనముగా మీద పడును. లోతున పీల్చిన గాలి పైకి వచ్చుకొలది ఉబ్బును. ఊపిరి బిగపట్టుకొని పైకి వచ్చినచో ఊపిరితిత్తులు చిట్లును. కావున ఊపిరి నెన్నడును బిగపట్టరాదనుట ఇందు మొదటి పాఠము. గురువు లేక నేర్వదగిన విద్య కాదిది. దుర్యోధనుడు జలస్తంభనవిద్యచే మడుగులో దాగెనందురు. అతని కార్డు నెవరును చూడలేదు గాని, అతని పాటేమైనదో మనమందరము ఎరుగుదుము.

ఇంతవరకు మాకభ్యంతరము లేదు. అటుపైనున్న మెట్లను చూచియే మేము నవ్వితిమి. మొదటి పత్రమునకు 200 మీటర్లు ఈదవలెను, 10 నిమిషములు నీటిపై తేలవలెను, పాఠములు చదువవలెను, సముద్రములో నాలుగు పర్యాయములు మునుగవలెను. దానితో 18 మీటర్ల లోతువరకు పోవచ్చును. మరి యైదు మునకలు మునిగినచో రెండవ పత్రము. దానిపై 'అడ్వాన్స్‌డు' అని వ్రాయుదురు. అనగా వెరసి తొమ్మిది మునకలకు ప్రౌఢురాలు! 2016 ఆగస్టులో కృష్ణాపుష్కరములు వచ్చినప్పుడు బీచుపల్లి రేవులో మేము ముక్కు పట్టుకొని మూడు మునకలు మునిగితిమి. ఆ లెక్కను మరి రెండు పుష్కరములు మునిగినచో మేమును ప్రౌఢురాండ్రమే. ఆపై ఆపదలో నున్నవారిని కాచు పత్రమొకటి. దాని తోడ అయిదు ప్రత్యేకవిద్యల పత్రములును, ఏబది మునకల లెక్కయు చేరినచో 'మాస్టరు' బిరుదు.

ఆ ప్రత్యేకవిద్యలే మాకు వినోదము కలిగించినవి. పడవనుండి నీటిలో దిగుటకొక పత్రము. రాత్రివేళ మునుగుట కొకటి. ప్రవాహముతో కొట్టుకొని పోవుట కొకటి. "ప్రవాహంల కొట్టుకపోనీకె గూడ పరీక్షనా?" అని మా యత్తగారు నోరు తెరచిరి. అన్నిటికంటె ఘనమైనది చేపలను గుర్తుపట్టు పత్రము.

మరునాడు జూరాల చూడబోయితిమి. గద్వాలకును ఆత్మకూరుకును నడుమ కృష్ణపై కట్టిన ఆ యానకట్టవద్ద నీటి చూపునకు వచ్చువారికంటె వేయించిన చేపలకు వచ్చువారే యెక్కువ. అచట నొకామె పెనము ముందు కూర్చుండి చేపలు వేయించుచుండెను. మేము పరిహాసమునకు మా పిల్లను ముందుకు త్రోసి, "గంపలో నున్నవేవో చెప్పుము" అంటిమి. ఆ పిల్ల చాలసేపు చూచి, ఇవి సముద్రపు చేపలు కావనియు తన పత్రము సముద్రపు చేపలకు మాత్రమే చెల్లుననియు చెప్పి తప్పించుకొనెను. చేపలామె తలయెత్తకయే చేతికి తగిలిన కొలది, "రవ్వ, బొచ్చె, జెల్ల, వాలుగ, కొర్రమట్ట" అని చెప్పుచు పొలుసు గీకుచునే యుండెను. ఆమెకు పత్రమిచ్చువారెవరును లేరు. ఆమె అడుగునదియు లేదు. చేపకు వెల మాత్రము అడిగినది.

ఆ నీటియొడ్డుననే మాకు మరియొక వింత తెలిసినది. "ఇచట నీవు మునుగగలవా?" అని మేమడుగగా పిల్ల తన టెలిఫోనులో నేదో లెక్క చూచి పెదవి విరచెను. సముద్రమట్టమునకు 300 మీటర్లకు పైబడిన యెత్తున నున్న నీటిలో మునుగుటకు వేరొక పత్రము కలదట. జూరాల నిండినప్పుడు దాని నీటిమట్టము 318 మీటర్లకు పైన. కావున మా జూరాల వారి లెక్కకు కొండ! తన పదునొకండు కార్డులలోను ఆ కొండకార్డు లేదు. శ్రీశైలపు జలాశయము నిండినను 885 అడుగులే గనుక, అనగా సుమారు 270 మీటర్లే గనుక, సోమశిలవద్ద మునుగుటకు అడ్డు లేదట. పుట్టినది మొదలు మేము మైదానములో నున్నామనుకొనుచుంటిమి. పర్వతవాసులమని ఆనాడు తెలిసినది. ఎత్తుకు పోయినకొలది గాలి పలుచనగుననియు, లోతున శరీరములో కలిసిన నత్రజని పైకి వచ్చునప్పుడు వెలువడు లెక్క దానిచే మారుననియు ఆ పిల్ల వివరించినప్పుడు, అందును కొంత సత్యము కలదని యొప్పుకొంటిమి. ఐనను నవ్వు మాత్రము ఆగలేదు.

ఇంటికి వచ్చిన పిదప మా యత్తగారు తమ ఈతముచ్చట చెప్పిరి. వనపర్తి ప్రక్క పల్లెలో వారి పుట్టినిల్లు. పొలములో మెట్లుగల దిగుడుబావి. ఏడేండ్ల ప్రాయమున మేనత్త ఎండిన ఆనపకాయ బుర్రలు రెండు నడుమునకు కట్టి నీటిలోనికి త్రోసెనట. వారము తిరుగకుండ ఒక బుర్రను, పక్షము తిరుగకుండ రెండవ బుర్రను విప్పివేసెనట. ఆ వేసవి ముగియునప్పటికి మూడు నిలువుల లోతునకు మునిగి, అడుగునున్న మన్ను పిడికిట పట్టుకొని పైకి తెచ్చి మేనత్తకు చూపిరట. "గదే నా సర్టిఫికెట్టు. కడుక్కుంటె పోయింది" అనిరి.

"మరి అటుపైన నెంతకాలము ఈదితిరత్తమ్మా?" అని అడిగితిమి.

"పెండ్లయిందాక" అని మరల వత్తులు చేయసాగిరి.

మేమో, కేసరిసముద్రపు గట్టున పుట్టి పెరిగియు ఈత నేర్వలేదు. మా యన్నదమ్ములు పాఠశాల విడిచినది మొదలు నీటిలోనే యుండెడివారు. మాకు మాత్రము, "ఆడపిల్లకు ఈత యెందుకు?" అను మాటయే దొరికినది. ఆ మాటను నమ్మి ఏబది యేండ్లు దాటితిమి.

సద్దుల బతుకమ్మనాడు బంధువుల యూరిలోని చెరువునకు పోయితిమి. వానలు బాగుగా కురిసినందున చెరువు అలుగు పారుచుండెను. మెట్లపై నాచు. ఆడి పాడి, ప్రొద్దు గ్రుంకినపిదప బతుకమ్మలను నీటిలో విడుచుచుండగా, ముందు వరుసలోని యెనిమిదేండ్ల పిల్లకు కాలు జారినది. కేక కూడ వినబడలేదు. నీటిలో మునుగువారు అరచెదరనుకొందుము గాని, ఊపిరికే చాలని నోటికి అరుపు రాదు. పూలు మాత్రము చెదరినవి.

ఆ పిల్ల పినతల్లి, ఈత రానిది, పట్టుచీరతోనే దూకబోయెను. ఆ క్షణమున రెండు గొంతులు ఒక్కసారి వినబడినవి. "దుంకకుర్రి!" అని మా యత్తగారు; "దూకొద్దు!" అని మా చెల్లెలి కూతురు. ఒకరు దిగుడుబావిలో నేర్చినది, ఒకరు పుస్తకము చదివి పరీక్ష నిచ్చి నేర్చినది, రెండును ఒకే పాఠము. మునుగువానిని కాపాడ దూకి తానును మునుగువారు ఎందరో. మా యత్తగారు ప్రక్కనున్న కన్నెపిల్లల చున్నీలు రెండు లాగి ముడివైచి, ఒక కొస మా పిల్ల నడుమునకు చుట్టి, రెండవ కొసను నలుగురు స్త్రీల చేతికిచ్చి, "గట్టిగ పట్టుర్రి" అనిరి. మా పిల్ల నీటిలో దిగి, బతుకమ్మల నడుమ మునిగి, ఒకసారి వట్టిచేతులతో తేలి, మరల మునిగెను. రెండవ మారు పిల్లతో తేలినది.

పిల్లకు ఊపిరి లేదు. చుట్టుముట్టిన వారు, "బోర్లించి కడుపు నొక్కుడు" అనిరి. మా యత్తగారును ఆ మాటయే అనిరి, వారు నేర్చినదట్టిదే. "వద్దవ్వా" అని మా పిల్ల ఆ బిడ్డను వెల్లకిల పరుండబెట్టి, తల కొంచెము వెనుకకు వంచి, ముక్కు మూసి, నోటిలో నోరుంచి ఊపిరి నూదెను, రొమ్ము నడుమ అదిమెను, మరల నూదెను. నీటిలో మునిగినవారికి ముందుగా కావలసినది ఊపిరి. కడుపు నొక్కినచో లోని యన్నము గొంతునకు వచ్చి అడ్డుపడునని తరువాత చెప్పెను. ఎంతసేపైనదో మేమెరుగము. పిల్ల దగ్గి, నీరు కక్కి, ఏడ్చినది. ఆ యేడుపు కంటె మంచిపాట ఆ బతుకమ్మనాడు మేము వినలేదు. లేచి కూర్చున్నను విడువరాదని 108 బండిలో ఆసుపత్రికి పంపిరి. ఆ రాత్రి అచట నుంచుకొని మరునాడు ఇంటికి పంపిరి.

ఇంత జరుగుచుండగా మేమేమి చేసితిమని చదువరులు అడుగవచ్చును. సత్తుపిండి పళ్ళెము పట్టుకొని నిలుచుంటిమి. మాకు పత్రమును లేదు, బుర్రలును లేవు. నవ్వుటకు మాత్రము అర్హత యుండెను.

మా ప్రాంతము నీటికి ఎరగాని దినములు తక్కువ. 2007 జనవరిలో కొల్లాపురము వద్ద కృష్ణలో పడవ మునిగి 60 మందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. ఇట్టి యాపదలలో పోలీసువారు మొదట పిలుచునది ఊరి గజయీతగాండ్రను. ఆ బిరుదు నే సంఘమును ఇచ్చినది కాదు, ఊరు ఇచ్చినది. కాని వారు వచ్చునప్పటికి తరచుగా దొరకునది మనిషి కాదు. 2021వ సంవత్సరమున లోకము మొత్తముమీద సుమారు 3 లక్షలమంది నీట మునిగి మరణించిరని ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్క. బడియీడు పిల్లలకు ఈతయు, ఎదుటివానిని కాచునప్పుడు తన ప్రాణము కాచుకొను విధమును నేర్పవలెనని ఆ సంస్థ చెప్పుచున్నది. ఆడపిల్లలను వదలివేయుమని చెప్పలేదు.

మరునాటి రాత్రి ఆ పిల్ల కార్డులు సర్దుకొనుచుండగా మేము ప్రక్కన కూర్చుండి, "నిజము చెప్పుము తల్లీ, ఇన్ని యెందుకు?" అని యడిగితిమి. చాలసేపు మాటాడలేదు. పిదప, "పెద్దమ్మా, నేను సముద్రంల దిగుతనంటె ఇంట్ల వద్దన్నరు. మొదటి కార్డు చూపిస్తె ఊకున్నరు. రెండోది చూపిస్తె ఇంకొంచెం లోతు పోనిచ్చిన్రు. తమ్ముని ఎవ్వరు ఏ కార్డు అడగలే" అనెను.

మేము నవ్విన పదునొకండు కార్డులును పదునొకండు సెలవుచీట్లని అప్పుడు తెలిసినది. మా యత్తగారు దీపము తగ్గించుచు, "చేపలది గూడనా?" అని యడిగిరి. పిల్ల నవ్వి, "అది మాత్రం ఉట్టిగనే అవ్వా, పైసలు దండుగ" అనెను. మేము ముగ్గురమును చాలసేపు నవ్వుకొంటిమి.

కొరియా దేశమున జెజు అను దీవిలో హెన్యో యను స్త్రీలు కలరు. గాలిసీసా లేక, ఊపిరి బిగబట్టి సముద్రము అడుగునకు పోయి నత్తగుల్లలను, శంఖములను ఏరి సంసారములు నడుపుదురు. వారిలో ముసలివారే యెక్కువ. వారికిని మూడు తరగతులున్నవి. నేర్పరులు, మధ్యములు, నేర్చుకొనువారు. ఆ తరగతిని నిర్ణయించునవి కాగితములు కావు, తోడి స్త్రీల కన్నులు. పెద్దవారు చిన్నవారికి నీటిని గూర్చి చెప్పెదరు; బలము గలవారు లేనివారిని కనిపెట్టి యుందురు. 2016లో యునెస్కో వారి సంస్కృతిని మానవజాతి వారసత్వములలో చేర్చినది. పత్రము లేనివారికి లోకమే పత్రమిచ్చిన దన్నమాట.

పత్రము చెడ్డది కాదు. దిగుడుబావి పాఠములో కడుపు నొక్కుమను తప్పు తరతరములుగా దిద్దబడక నిలిచినది. అచ్చుపుస్తకము దానిని దిద్దినది. బుర్రల పాఠమును చిన్నచూపు చూడరాదు. రెండు చున్నీలు ముడివేయుట పుస్తకము చదువనివారికి తోచినది. చేపల పేర్లకు, పడవ దిగుటకు సొమ్ము పోయువారిని చూచి నవ్వుదము. నవ్వి, నోట నూదుట నేర్చిన ఆ యొక్క కార్డును మాత్రము కన్నుల కద్దుకొందము.

ఇప్పుడు ఆదివారములయందు బంధువుల తోటలోని మెట్లబావికి పోవుచున్నాము. వీధిలోని ఆడపిల్లలు ఆరుగురు, వారి వెనుక మేము. ఆనపకాయ బుర్రలు దొరకక నూనెడబ్బాలు కట్టుకొనుచున్నాము. నెలకొకసారి మా చెల్లెలి కూతురు వచ్చి ఊపిరి నూదు విధము నేర్పుచున్నది. మా యత్తగారు పైమెట్టున గొడుగు క్రింద కూర్చుండి పరీక్షాధికారిణిగా నున్నారు. పిల్లలలో నలుగురికి డబ్బాలు విప్పించిరి. గత వారము మేము ధైర్యము చేసి, "అత్తమ్మా, మాకెప్పుడు?" అని క్రిందినుండి కేక వేసితిమి.

"ముక్కు మీదికెల్లి చెయ్యి తియ్యి, అప్పుడు చూద్దాం" అనిరి.

ఈ సంచిక వెలువడువరకు మాకింకను పత్రము రాలేదు.